బ్రెడ్డూ, ఆకుల వాసనల పెర్ఫ్యూమ్ వేసుకుంటే వంటింటి వాసన అనిపించకుండా ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తీపి వాసనల పెర్ఫ్యూమ్‌లు మొహం మొత్తాయి, కాల్చిన బ్రెడ్, బేసిల్, థైమ్, రోజ్‌మెరీ లాంటి వాసనలున్నవి నచ్చుతున్నాయి. కాగితం మీద చూస్తే ప్రాణం లేచొస్తోంది గానీ ఒంటి మీద కొట్టుకున్నాక "వంట చేసి వచ్చావా" అని ఎవరైనా అంటారేమోనని టెన్షన్. ఒక సీసా కొంటే అది మీ ఒంటి మీద చెమట వాసనలా తేలింది. ఇలాంటివి బయటికి వేసుకోవచ్చా, వేసుకుంటే ఎలా?

నిక్షేపంగా వేసుకోవచ్చు. పెర్ఫ్యూమ్‌లు విడుదల కాకముందే వాసన చూసి అభిప్రాయం చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను ఇష్టంగా వేసుకునేవాటిలో కూడా ఎక్కువ ఈ కోవవే. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. పెర్ఫ్యూమ్‌ను వంటింటి వాసనగా మార్చేది బ్రెడ్ కాదు, ఆకులూ కాదు. కొవ్వు. వెన్న, పాలు, కాగిన నూనె, వాటి వెంట వచ్చే వేగిన ఉల్లి, వెల్లుల్లి. ఆ వైపు మొగ్గిన పెర్ఫ్యూమ్ ఎంత ఖరీదైనదైనా ఒంటి మీద వంటే గుర్తొస్తుంది. పిండి, కాలిన పైపొర, ఎండుగడ్డి, చెక్క, ఆకు, ఇలా ఎండు వైపు నిలబడ్డ పెర్ఫ్యూమ్ ఎంత బ్రెడ్డులా ఉన్నా పెర్ఫ్యూమ్‌గానే అనిపిస్తుంది. మీరు కొనేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

కారణం తెలిస్తే ఎంచుకోవడం తేలికవుతుంది. వంట చేసినవాళ్ల బట్టలకూ జుట్టుకూ పట్టుకునే వాసనలో ప్రధాన భాగం నూనె కాగినప్పుడు పుట్టే ఆల్డిహైడ్‌లనే పదార్థాలది. 2,4-డెకాడైనాల్ అనేదొకటి ఉంది, వేపుడు వాసన అనగానే మనకు తట్టేది చాలావరకు అదే. ఇవి నూనె తుంపరలతో కలిసి గుడ్డలోకి దిగుతాయి, ఓ పట్టాన వదలవు. ఎదుటివాళ్ల ముక్కు "ఈ మనిషి వంటింట్లోంచి వచ్చింది" అని తేల్చుకునేది ఈ జిడ్డు ఆనవాలు చూసి. అది లేనప్పుడు బ్రెడ్ వాసన తగిలినా, ఎక్కడో దగ్గర్లో బేకరీ ఉందేమో అనుకుంటారు తప్ప మీ ఒళ్లు కడుక్కోలేదని అనుకోరు.

ఇక బ్రెడ్ సంగతి. ఒక్క మాటలో బ్రెడ్ వాసన అనేస్తాం గానీ, అందులో రెండు వేర్వేరు వాసనలున్నాయి. పైన గోధుమరంగులో కాలిన పొరది ఒకటి, లోపలి మెత్తటి భాగానిది ఇంకొకటి. పెర్ఫ్యూమ్ వర్ణనలో "వార్మ్ బ్రెడ్" అని రాస్తే అది ఈ రెండిట్లో ఏదో చెప్పరు. వాసన చూసి మీరే పట్టుకోవాలి.

పైపొర వాసన పిండిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలవడం వల్ల పుడుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇది, ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అందులో పుట్టే వాసన పదార్థాల్లో అసలైనది 2-అసిటైల్-1-పైరోలీన్. బాస్మతి బియ్యంలోనూ పాప్‌కార్న్‌లోనూ ఉండే వాసన కూడా ఇదే. వంద కోట్ల పాళ్ల నీటిలో ఒక పాలులో పదో వంతు కలిపినా మన ముక్కు దీన్ని పసిగట్టేస్తుంది. ఆగ్నేయాసియా అడవుల్లో బింటురాంగ్ అనే జంతువుంది. అది దగ్గర్లో ఉంటే పాప్‌కార్న్ వాసన వస్తుందని చెప్పుకునేవారు. దాని మూత్రంలో ఈ పదార్థమే ఉందని పరిశోధకులు తేల్చారు. ముక్కుకు నచ్చే వాసనకు వంటతోనే పని ఉండాలని లేదని నాకు ఆ సంగతి చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

అయితే ఈ పదార్థం నిలవదు. ఓవెన్‌లోంచి తీసిన బ్రెడ్ కొద్ది గంటల్లోనే ఆ కమ్మదనం పోగొట్టుకునేది ఇందుకే. సీసాలో నెలల తరబడి ఉండాల్సిన పెర్ఫ్యూమ్‌లో దీన్ని నమ్ముకోలేరు. అందుకని పెర్ఫ్యూమర్లు అసిటైల్ పైరజీన్, 2-అసిటైల్ పిరిడీన్ లాంటి గట్టి బంధువులను వాడతారు. ఇవి మహా ఘాటు, సూదిమొనంత పడాలి. కాస్త ఎక్కువైతే బ్రెడ్ పోయి ఎలుకల బోను వాసన మొదలవుతుంది. ఇది నేను పోలిక కోసం అన్న మాట కాదు, వైన్ చెడినప్పుడు వచ్చే ఎలుక వాసనకు కారణం కూడా ఈ కుటుంబం పదార్థాలే. కాబట్టి ఒక బ్రెడ్ పెర్ఫ్యూమ్ మీకు ఎలుకల వాసనో, తడిసిన మొక్కజొన్న చిప్స్ వాసనో కొడితే మీ ముక్కులో లోపం లేదు. ఆ పెర్ఫ్యూమ్‌లో మోతాదు మీ ముక్కుకు మించిందని అర్థం, పక్కన పెట్టేయండి.

లోపలి మెత్తటి భాగానిది ఈస్ట్ పులియబెట్టిన వాసన. అందులో 2-ఫినైల్ ఇథనాల్ అనేది ముఖ్యమైనది. గులాబీ వాసనలో కూడా ఇది ముఖ్యమైనదే. గులాబీ ఉన్న కొన్ని పెర్ఫ్యూమ్‌లలో పిండి వాసన తొంగిచూస్తుందంటే, బ్రెడ్ పెర్ఫ్యూమ్ పక్కన గులాబీ చక్కగా ఒదుగుతుందంటే, కారణం ఈ చుట్టరికమే. పెర్ఫ్యూమర్లు పిండి భావన తేవడానికి ఐరిస్ దుంప కూడా వాడతారు. ఆ దుంపను తవ్వి తీశాక ఏళ్ల తరబడి ఎండబెడితే గానీ ఐరోన్‌లనే వాసన పదార్థాలు తయారు కావు, అందుకే అది అంత ఖరీదు. నాణ్యమైన ఐరిస్‌ను దగ్గరగా వాసన చూస్తే ముందు చల్లటి మట్టి, తర్వాత క్యారెట్, ఆ తర్వాత చేతికి అంటుకున్న పొడిపిండి కనిపిస్తాయి. గోధుమ తవుడు నుంచి, ఎండుగడ్డి నుంచి తీసిన అబ్సొల్యూట్‌లు, అంటే గాఢమైన సారాలు కూడా ఉన్నాయి. ఎండుగడ్డిలోని కౌమరిన్ బాదంపప్పుకూ పొలానికీ మధ్య ఎక్కడో ఉండే వాసన. ఇవన్నీ ఎండు వైపు. మీ వేట ఇటు సాగాలి.

ఉదాహరణకు రెండు పేర్లు చెబుతాను, ఈ తేడా ముక్కుకే తెలియడానికి. లార్టిజాన్ పర్ఫ్యూమర్ వారి బ్వా ఫరీన్, 2003లో జాన్ క్లోద్ ఎలెనా చేసింది. పొడిపిండి, చెక్క. అంతకంటే ఎండుగా పిండిని చూపించిన పెర్ఫ్యూమ్ నాకు మరొకటి వెంటనే గుర్తు రావడం లేదు. సెర్జ్ ల్యుతాన్స్ వారి జో ద పో, 2011లో వచ్చింది. ఇది టోస్ట్, పైన వెన్న. రెండూ గొప్ప పనులే. మొదటిది మీరు ఎక్కడికైనా వేసుకెళ్లొచ్చు. రెండోది వేసుకోవాలంటే సందర్భం చూసుకోవాలి, ఎందుకంటే దాని అందమే ఆ వెన్న. కొనమని చెప్పడం లేదు. చిన్న సాంపిల్స్ దొరికితే ఒకటి ఈ చేతికి, ఒకటి ఆ చేతికి రాసుకుని రోజంతా తిరగండి. నేను రాసినదంతా చదవడం కన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

తీపి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. 1992లో ఏంజెల్ అనే పెర్ఫ్యూమ్ వచ్చాక తినుబండారాల వాసనల పెర్ఫ్యూమ్ అంటే ఇథైల్ మాల్టాల్ అన్నట్టు తయారైంది, అంటే పీచుమిఠాయి వాసన. దీనికి దగ్గరి చుట్టం మాల్టాల్ నిజం బ్రెడ్ పైపొరలోనూ ఉంటుంది కాబట్టి బ్రెడ్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు దీన్ని దండిగా పోస్తారు. మొదటి పది నిమిషాలు బ్రెడ్, ఆ తర్వాత రోజంతా కేకు. వర్ణనలో బ్రెడ్ పక్కనే కారమెల్, ప్రాలిన్, వెనిలా మూడూ కనిపిస్తే మీరు వదిలించుకోవాలనుకున్న చోటికే మళ్లీ వెళ్తున్నారని అర్థం.

ఆకుల విషయంలో మీరు అస్సలు భయపడక్కర్లేదు. ఆకుల వాసన ఒంటికి రాసుకోవడం కొత్త ఫ్యాషన్ కానే కాదు. కొలోన్ నగరంలో 1709లో ఫరీనా కుటుంబం మొదలుపెట్టిన కొలోన్ అనే తేలికపాటి సెంటు సంప్రదాయంలో నిమ్మజాతి పండ్ల పక్కన రోజ్‌మెరీ మొదటినుంచీ ఉంది. 1882 నాటి ఫూజేర్ రోయాల్ అనే పెర్ఫ్యూమ్‌లో లావెండర్, కౌమరిన్ జత కుదిరాక పుట్టిన కుటుంబమంతా ఆకుల మీదే బతికింది. పెర్ఫ్యూమర్ ఎడ్మోన్ రూద్నిట్స్కా 1966లో చేసిన "ఓ సొవాజ్" అనే పెర్ఫ్యూమ్‌లో నిమ్మ పక్కన బేసిల్, రోజ్‌మెరీ ఉన్నాయి. దాన్ని వేసుకున్నవాళ్లను వంటింట్లోంచి వచ్చావా అని ఎవరూ అడిగి ఉండరు. ఆకు ఒక్కటే ఉన్నంతసేపు ముక్కు దాన్ని తోటగా, శుభ్రతగా తీసుకుంటుంది. దానికి ఉప్పు, నూనె, ఉల్లి తోడైనప్పుడే వంట అవుతుంది.

అన్ని ఆకులూ ఒకేలా ప్రవర్తించవు. రోజ్‌మెరీలో సినియోల్ (నీలగిరి తైలంలో ఉండేదే), కర్పూరం ఎక్కువ, కాబట్టి చల్లగా, నిటారుగా ఉంటుంది. మోతాదు మించితే జలుబు మందు గుర్తొస్తుంది. థైమ్‌లో థైమాల్ ఉంటుంది, మన వాములో ఉండేదీ అదే. అందుకే థైమ్ ఎక్కువున్న పెర్ఫ్యూమ్ కొందరికి మందులషాపులా అనిపిస్తుంది. ఒరెగానోలో కార్వక్రాల్ ఇంకా మొరటు. పిజ్జా మీద చల్లుకునే పొడితో ముడిపడిపోయిన వాసన కూడా కావడంతో, ఒరెగానో ముందుకొచ్చిన పెర్ఫ్యూమ్‌ను వేసుకోవడం నిజంగానే కష్టం. బేసిల్ అందరికంటే మంచి ఒదుగుడు ఉన్న ఆకు. అందులోని లినలూల్ లావెండర్‌లో, బెర్గమాట్ అనే నిమ్మజాతి పండులో కూడా ఉంటుంది కాబట్టి వాటితో అతుకు కనపడకుండా కలిసిపోతుంది. దానిలోని ఎస్ట్రగోల్ సోంపులాంటి మెరుపునిస్తుంది. సేజ్ పేరున్నవి రెండు: వంటలో వాడే సేజ్ చేదుగా, కర్పూరపు ఘాటుతో ఉంటుంది. క్లేరీ సేజ్ మెత్తగా, టీ ఆకులా, కాస్త పొగాకులా ఉంటుంది. బ్రెడ్‌తో జత కట్టడానికి నా ఓటు క్లేరీ సేజ్‌కే. ఈ మొక్క నుంచే స్క్లారియాల్ అనే పదార్థం తీసి, దానితో తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్‌ను తలపించే అంబ్రాక్సైడ్ తయారు చేస్తారు. అందుకే క్లేరీ సేజ్‌తో మొదలై అంబ్రాక్సైడ్‌తో ముగిసే పెర్ఫ్యూమ్‌లు మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపిరి మీద సాగినట్టుంటాయి.

టొమాటో ఆకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాయ కాదు, ఆకు. తీగను చేత్తో తడిమాక వేళ్లకు అంటుకునే ఆ పచ్చి, చేదు, లోహపు వాసన. 1970లలో సిస్లీ కంపెనీ కోసం ఎలెనా చేసిన "ఓ ద కాంపాన్య్" పెర్ఫ్యూమ్‌లో ఇది బేసిల్‌తో కలిసి ఉంటుంది. ఆహారం చుట్టుపక్కల తిరుగుతూ ఆహారం కాని వాసనలు కావాలనుకునేవాళ్లు మొట్టమొదట ఇక్కడ మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. బ్రెడ్ నేరుగా వేసుకోవడానికి ధైర్యం చాలనివాళ్లకు ఇది మంచి మెట్టు.

కొత్తిమీర ఆకు వాసన కొందరికి అమృతం, కొందరికి సబ్బు. అందులోని ఆల్డిహైడ్‌లను పసిగట్టే తీరులో తేడాలకు ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గరి మార్పులతో సంబంధం ఉందని తేలింది. ఆ ఆల్డిహైడ్‌లకు దగ్గరివే 1921 నాటి షనెల్ నంబర్ 5 పెర్ఫ్యూమ్‌కు ఆ మెరుపునిచ్చాయి. కాబట్టి మీకు కొత్తిమీర నచ్చినా, మీ పక్క సీటాయనకు సబ్బు వాసనే తగలొచ్చు. ధనియాల సంగతి వేరు. వాటిలో ప్రధానంగా లినలూలే, అవి ఎవరినీ ఇబ్బంది పెట్టవు.

సెలరీ, దాని చుట్టమైన లవేజ్ అనే ఆకు దగ్గర మాత్రం జాగ్రత్త. వీటిలోని థాలైడ్‌లనే పదార్థాలు ఉడుకుతున్న సూప్‌ను అచ్చంగా దింపేస్తాయి. కాగితం మీద చూస్తే భలే అనిపిస్తుంది, ఒంటి వేడికి గిన్నె మూత తీసినట్టవుతుంది.

మీ సీసా చెమటలా తేలిన విషయానికొస్తే, నేను ముందు అనుమానించేది జీలకర్రను. దాని క్యుమినాల్డిహైడ్ మనిషి ఒంటి వాసనకు చాలా దగ్గరగా వెళ్తుంది. ఎండు మసాలా అనుకుని వేసుకుంటే ఒంటి వేడికి చంక వాసన అవుతుంది. రెండో అనుమానం సోటోలోన్. మెంతుల్లో ఉండే వాసన ఇది, మెంతులు ఎక్కువ తిన్నవాళ్ల చెమటలో కూడా తగులుతుంది. పెర్ఫ్యూమ్‌లలో ఇమ్మోర్టెల్ (ఒక పసుపు పువ్వు) అని రాసి ఉంటే ఇదే తరహా వాసన వస్తుందని అర్థం, కూరపొడికీ కాల్చిన చక్కెరకూ మధ్యలో. మీ సీసా వర్ణనలో జీలకర్ర గానీ ఇమ్మోర్టెల్ గానీ ఉన్నాయేమో చూడండి. ఇవి చెడ్డ వాసనలు కావు, వీటితో చేసిన అద్భుతమైన పెర్ఫ్యూమ్‌లున్నాయి. కానీ బ్రెడ్ పక్కన ఇవి పడితే మనసు రెండూ కలిపి "తిని, చెమట పట్టిన మనిషి" అని కథ అల్లేస్తుంది.

ఇప్పుడు వేసుకునే పద్ధతి. ఇక్కడ నేను పాటించేది, అడిగినవాళ్లందరికీ చెప్పేది ఒకటే: ఆకులు బట్టకు, బ్రెడ్ ఒంటికి.

ఆకుల వాసనల్లో టెర్పీన్‌లనే తేలికైన పదార్థాలు ఎక్కువ. ఒంటి వేడికి పదిహేను నిమిషాలో అరగంటో ఉండి ఎగిరిపోతాయి. బట్ట మీద వేడి లేదు కాబట్టి నెమ్మదిగా విడుదలవుతాయి, మధ్యాహ్నం దాకా ఉంటాయి. బ్రెడ్ వాసనలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆ పైరజీన్‌లను, వాటికి దన్నుగా వాడే గంధం, టోంకా గింజ, కస్తూరి లాంటి బరువైన వాసనలను బట్ట రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. మూడో రోజు కోటు తీస్తే మొన్నటి బ్రెడ్ వాసన వస్తుంది, అప్పుడది ఎవరికీ కమ్మగా ఉండదు. ఒంటి మీదైతే సాయంత్రానికి తగ్గుతుంది, స్నానంతో పోతుంది. రెండూ కలిపి ఉన్న ఒకే పెర్ఫ్యూమ్ అయితే ఒంటికే కొట్టుకుని, ఆకులు తొందరగా పోతాయని సరిపెట్టుకోండి. లేత రంగు బట్ట మీద కొట్టే ముందు లోపలి కుట్టు దగ్గర ఒకసారి చూసుకోండి, మరకలు పడొచ్చు.

ఎంత అంటారా? ఒక్క స్ప్రే చాలు, ఇంకా ఎక్కువంటే రెండు. పూల పెర్ఫ్యూమ్ కాస్త ఎక్కువైతే జనం "సెంటు ఎక్కువ కొట్టింది" అనుకుని ఊరుకుంటారు. బ్రెడ్ ఎక్కువైతే ఎక్కడినుంచి వస్తోందని చుట్టూ వెతుకుతారు. మెడ దగ్గర వద్దు, మీ ముక్కు కిందే ఉంటుంది కాబట్టి పది నిమిషాల్లో మీ ముక్కు దానికి అలవాటు పడిపోయి, పోయిందేమోనని మళ్లీ కొట్టుకుంటారు. మోచేతి మడతలో, లేదంటే చొక్కా కింద పొట్ట పైభాగంలో కొట్టుకోండి. అక్కడినుంచి ఒంటి కదలికతో అప్పుడప్పుడూ ఒక తెర పైకి లేస్తుంది, ఎడతెగకుండా తగలదు. ఈ తరహా వాసనలకు ఆ అప్పుడప్పుడూ తగలడమే అందం. చంకలకు దగ్గరగా ఎక్కడా వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది, జనం పట్టించుకోనిది: జుట్టు. పొద్దున్నే స్టవ్ దగ్గర నిలబడి, అదే జుట్టుతో బ్రెడ్ పెర్ఫ్యూమ్ కొట్టుకుని బయల్దేరితే మీరు భయపడిందే జరుగుతుంది. నూనె వాసన జుట్టులోంచి వస్తుంది, బ్రెడ్ మీ ఒంటి మీంచి వస్తుంది, ఎదుటివాళ్ల ముక్కు రెండూ కలిపేస్తుంది. ఈ పెర్ఫ్యూమ్ వేసుకునే రోజు తలస్నానం చేసి ఉండాలి, లేదా వంట దగ్గర జుట్టుకు గుడ్డ కట్టుకుని ఉండాలి. చున్నీ, స్కార్ఫ్, జాకెట్ మెడ భాగం వంటగదికి దూరంగా ఉండనివ్వండి. నన్ను అడిగితే, ఇలాంటి పెర్ఫ్యూమ్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెర్ఫ్యూమ్ తప్పు కన్నా జుట్టు తప్పే ఎక్కువ.

అలాగే వాసన ఉన్న బాడీ లోషన్ వద్దు. కొబ్బరి, వెనిలా, షియా వాసనల లోషన్ రాసుకుని పైన బ్రెడ్ కొడితే మీరు ఏరికోరి తెచ్చుకున్న ఎండుదనం మీద మీరే కొవ్వు పోసినట్టు. చర్మం పొడిబారితే పెర్ఫ్యూమ్ త్వరగా ఆవిరవుతుంది కాబట్టి తేమ కావాలి, కానీ వాసన లేని క్రీమ్ వాడండి. ఉక్కపోత రోజుల్లో పాలు, వెన్న వైపు వాసనలు బాగా ఉబ్బుతాయి. అప్పుడు ఆకులతో సరిపెట్టి, బ్రెడ్‌ను చల్లటి పొడి రోజులకు దాచుకోవడం మేలు.

రెండు పెర్ఫ్యూమ్‌లు కలిపి వేసుకోవాలనిపిస్తే, పైన చెప్పిన ఎండుదనాన్నీ చుట్టరికాలనూ వాడుకోండి. బ్రెడ్ కింద వట్టివేరు అద్భుతంగా పనిచేస్తుంది. వట్టివేరులోని మట్టి, పల్లీ పొట్టు లాంటి ఎండుదనం బ్రెడ్‌ను నేల మీద నిలబెడుతుంది. ముందు వట్టివేరు ఒక స్ప్రే ముంజేతికి కొట్టి, ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా ఆగండి. అప్పుడు దానికి కాస్త పైన, తాకకుండా, బ్రెడ్ కొట్టండి. రుద్దొద్దు. మొదటి ఐదు నిమిషాలు రెండూ వేరువేరుగా, కాస్త గొడవగానే ఉంటాయి. ఇరవై నిమిషాలకు చేతిని మొహానికి జానెడు దూరంలో పెట్టి చూస్తే పొలంలో కోత అయ్యాక మిగిలిన మొదళ్ల వాసనలా ఒకటైపోతాయి. గులాబీ, బ్రెడ్ జత ఇంకా సులువు, అవి కలవడానికి ఇరవై నిమిషాలు కూడా అక్కర్లేదు. వెనిలాతో, అంబర్ అని రాసే తీపి బంక వాసనతో మాత్రం కలపకండి. బ్రెడ్ మళ్లీ కేకైపోతుంది.

ఎదుటివాళ్ల గురించి మీకున్న భయం అర్థమైంది. వాసనను మనుషులు ముక్కుతో పాటు పేరుతో కూడా చూస్తారు. రేచెల్ హెర్జ్, జూలియా వాన్ క్లెఫ్ 2001లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒకే మిశ్రమాన్ని ఒకసారి పార్మెజాన్ చీజ్ అనీ, ఇంకోసారి వాంతి అనీ చెప్పి వాసన చూపించారు. చీజ్ అన్నప్పుడు బాగుందన్నారు, వాంతి అన్నప్పుడు ఛీ అన్నారు. వాసన మాత్రం అదే. నా పనిలో రోజూ చూస్తాను ఇది. పైరజీన్ ముంచిన కాగితం ఇచ్చి ఏమీ చెప్పకపోతే సగం మంది నొసలు చిట్లిస్తారు. కాల్చిన బ్రెడ్ పైపొర అనగానే వాళ్ల భుజాలు కిందికి దిగుతాయి, మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటారు. కాబట్టి ఎవరైనా "ఏంటి ఈ వాసన" అంటే మొహమాటపడి "ఏమో, ఏం లేదే" అనకండి. అలా అంటే వాళ్ల మనసు ఏదో ఒక పేరు వెతుక్కుంటుంది, అది మంచి పేరు కాకపోవచ్చు. "గోధుమపిండి, చెక్క వాసన ఉన్న పెర్ఫ్యూమ్ అండీ" అని చెప్పండి. ఆ క్షణం నుంచి వాళ్లకు అదే తగులుతుంది.

కొన్నిచోట్లకు మాత్రం వద్దు. భోజనానికి పిలిచిన ఇంటికి, ఆస్పత్రికి, వికారంతో బాధపడుతున్నవాళ్ల దగ్గరికి, గర్భిణుల పక్కన గంటల తరబడి కూర్చోవాల్సిన చోటికి వేసుకెళ్లకండి. తిండి వాసన వాళ్లను పూల వాసన కన్నా తొందరగా ఇబ్బంది పెడుతుంది. ఉపవాసంలో ఉన్నవాళ్ల విషయంలోనూ అంతే.

మీరు ఇంట్లో సొంతంగా కలుపుకోవడం గురించి అడగలేదు గానీ, ఈ వాసనలు నచ్చినవాళ్లు అక్కడికే చేరుకుంటారు కాబట్టి చెప్పి తీరాలి. థైమ్, ఒరెగానో ఎసెన్షియల్ ఆయిల్స్ నేరుగా చర్మానికి రాసుకోవద్దు. థైమాల్, కార్వక్రాల్ చర్మాన్ని మండిస్తాయి. తొక్కను నొక్కి తీసిన బెర్గమాట్, నిమ్మ నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడొచ్చు. బేకింగ్‌లో వాడే వెన్న ఎసెన్స్‌ను స్ప్రే సీసాలో పోసుకోవడం అసలే వద్దు. వెన్న వాసనకు వాడే డయాసిటైల్‌ను పీల్చడం ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదమో 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు వచ్చిన జబ్బుతో ప్రపంచానికి తెలిసింది. తినడానికి చేసినది పీల్చడానికి పనికొస్తుందని అనుకోకూడదు. బాధ్యతగల పెర్ఫ్యూమ్ కంపెనీలు ఎస్ట్రగోల్, మిథైల్ యూజినాల్ లాంటివాటికి అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా పెట్టిన హద్దులు పాటించి చేస్తాయి. ఇంట్లో ఆ లెక్క మనకు కుదరదు.

చర్మం సున్నితమైనదైతే లేబుల్ మీద లినలూల్, లిమోనీన్, యూజినాల్, కౌమరిన్ పేర్లు చూసుకోండి. ఐరోపా నిబంధనల వల్ల చాలా సీసాల మీద ఈ పేర్లు రాసి ఉంటాయి. ఆకుల పెర్ఫ్యూమ్‌లలో వీటిలో కొన్ని తరచూ ఉంటాయి. లినలూల్, లిమోనీన్ గాలి తగిలి పాతబడ్డాక చర్మానికి పడకపోవడం ఎక్కువవుతుంది. అందుకే ఆకుల సీసా చిన్నది కొనడం, మూత గట్టిగా పెట్టి వెలుతురు పడని చల్లటి చోట ఉంచడం, ఏళ్ల తరబడి దాచకపోవడం మంచిది. బాత్రూం అల్మారా ఇందుకు పనికిరాదు.

చివరగా, మీ దగ్గరున్న ఆ చెమట వాసన సీసాను ఇప్పుడే పారేయకండి. ఉతికిన, వాసన లేని కాటన్ రుమాలుకు ఒక స్ప్రే కొట్టి, గంట తర్వాత చూడండి. రుమాలు మీద కూడా చెమటలాగే ఉంటే అది పెర్ఫ్యూమ్‌లోని జీలకర్ర తరహా పదార్థం పని, అది మీకు పడదు, నచ్చినవాళ్లెవరికైనా ఇచ్చేయండి. రుమాలు మీద ఎండుగా, బాగుండి ఒంటి మీదే పాడవుతుంటే, లోషన్ మానేసి, స్నానం చేసిన వెంటనే కాకుండా ఒళ్లు చల్లబడ్డాక మోచేతి మడతలో ఒక్కసారి కొట్టుకుని చూడండి. అప్పటికీ అలాగే ఉంటే దాన్ని రోజూ ఉతికే బట్టలకే వాడుకోండి. ఏం తేలిందో, లేబుల్ మీద ఏ పేర్లున్నాయో ఇక్కడ రాస్తే తర్వాత ఏది చూడాలో చెబుతాను.